అద్దెకున్నవారు ఉండగా ఇల్లు అమ్మడం ఎలా: గోదావరి జిల్లాల ఇంటి యజమానులకు

రాజమహేంద్రవరంలోనో భీమవరంలోనో తల్లిదండ్రులు కట్టిన డాబా ఇల్లు. పిల్లలు హైదరాబాదులో, అమెరికాలో స్థిరపడ్డారు. కింది వాటాలో ఒక ఉపాధ్యాయుడి కుటుంబం, మేడ మీద రొయ్యల మేత కంపెనీ ఉద్యోగి ఏళ్ల తరబడి అద్దెకుంటున్నారు. నెలనెలా అద్దె వస్తోంది కానీ ఇల్లు చూసుకునే మనిషి లేడు. అమ్మేద్దామని అందరూ ఒక మాటకు వచ్చారు. అక్కడి నుంచి ఏం చేయాలో, ఏ వరసలో చేయాలో ఇక్కడ చెబుతున్నాను.

ముందే ఒక మాట గట్టిగా చెప్పాలి. దస్తావేజు మీద అద్దెదారు సంతకం ఉండదు. అయినా ఆ ఇంటి బేరం చాలావరకు ఆయన నోటి మాట మీదే నిలుస్తుంది. కొనడానికి వచ్చినవారు మీరు పక్కకు తప్పుకోగానే ఆయననే అడుగుతారు: వేసవిలో బోరు నీళ్లు ఉప్పగా వస్తాయా, వానకు వీధిలో నీళ్లు నిలుస్తాయా, మీరు ఎప్పుడు ఖాళీ చేస్తున్నారు? చట్టం కూడా వాళ్లను అలాగే అడగమంటుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం, ఇంట్లో నివసిస్తున్న వ్యక్తికి ఏ హక్కు ఉందో కొనేవారికి తెలిసినట్టే లెక్క. ఆ తరువాత తెలియదంటే కుదరదు. అందుకే అద్దెదారును అడ్డంకిగా చూసిన యజమాని నష్టపోతాడు. మొదటి రోజు నుంచి కలుపుకుని వెళ్లిన యజమానికి అదే మనిషి పెద్ద అండ అవుతాడు.

ముందు మీ కాగితాలు

అద్దెదారుతో మాట్లాడడానికి ముందే, అమ్మే హక్కు మీకు పూర్తిగా ఉందో లేదో తేల్చుకోండి. వాళ్లను కదిలించాక మీ ఇంట్లో తగవు బయటపడితే అందరికీ నష్టమే.

ఇల్లు తండ్రి స్వార్జితమై, ఆయన వీలునామా రాయకుండా కాలం చేసి ఉంటే కొడుకులతో పాటు తల్లి, కూతుళ్లు కూడా వారసులే. అందరూ సంతకం చేయాలి. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు హక్కు కల్పించే సవరణ మన రాష్ట్రంలో 1985 నుంచే ఉంది, దేశమంతటికీ 2005లో వచ్చింది. పెళ్లిలో కట్నం ఇచ్చేశాం కదా అన్న మాట కొనేవారి వకీలు దగ్గర చెల్లదు. విదేశంలో ఉన్న వారసులు రాలేకపోతే అక్కడి భారత కాన్సులేట్‌లో జీపీఏ (తమ తరఫున సంతకం చేసే అధికార పత్రం) రాసి పంపవచ్చు. ఆ కాగితం దేశంలోకి వచ్చిన 3 నెలల లోపు దానికి స్టాంపు సుంకం కట్టించాలి. చాలామంది మరిచిపోయేది ఇదే.

ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం, తీయించండి. 1983 తరువాతి లావాదేవీలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో అడగాలి. మీ సర్వే నంబరు, రిజిస్ట్రేషన్ చేయని ఆస్తుల 22ఏ నిషేధిత జాబితాలో లేదని కూడా చూసుకోండి. డెల్టాలో దేవాలయ మాన్యాలు, కాలువ గట్టు పోరంబోకులు ఊళ్ల మధ్యలోనే ఉంటాయి కాబట్టి ఇది ఏదో లాంఛనం అనుకోవద్దు. కాలువ వెంబడి, పంట బోదె వెంబడి ఉన్న ఇళ్లలో ప్రహరీ గోడ దస్తావేజులోని హద్దు దాటి ఉందేమో ఒకసారి టేపు పెట్టి కొలిపించండి. ఇంటి పన్ను, నీటి పన్ను బకాయిలు కట్టి రసీదులు దగ్గర పెట్టుకోండి.

అద్దె ఒప్పందం తీసి చదవండి

మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించేది 11 నెలల అగ్రిమెంటు. అది కూడా మొదటి ఏడాది రాసుకున్నదే, మళ్లీ ఎవరూ పునరుద్ధరించరు. ఏడాదికి మించిన అద్దె ఒప్పందం రిజిస్టరు అయితేనే చెల్లుతుంది. గడువు తీరాక అద్దె తీసుకుంటూ వస్తున్నారంటే సాధారణంగా అది నెలవారీ అద్దె కింద లెక్క. ఆస్తి బదిలీ చట్టం ప్రకారం నివాసపు అద్దెను 15 రోజుల రాతపూర్వక నోటీసుతో ముగించవచ్చు. అయితే రాష్ట్ర అద్దె చట్టం వర్తించే చోట ఒక్క నోటీసుతో పని అయిపోదు. చట్టం ఒప్పుకునే కారణం చూపాలి, తగవు అద్దె నియంత్రణాధికారి ముందుకు వెళుతుంది. మీ ఇల్లు ఏ చట్టం కిందికి వస్తుందో స్థానిక వకీలును ఒక గంట కూర్చుని అడగండి. ఆ ఫీజు దండగ కాదు.

రిజిస్టరు చేసిన లీజు ఉండి, ఇంకా రెండేళ్ల గడువు మిగిలి ఉంటే ఇల్లు చేతులు మారినా ఆ రెండేళ్లూ అద్దెదారువే. కొన్నవారు మీ స్థానంలోకి వస్తారు, మీ హక్కులతో పాటు మీ బాధ్యతలూ వాళ్లకు సంక్రమిస్తాయి. యజమాని మారితే ఒప్పందం రద్దవుతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు.

ఒప్పందంలో ఈ విషయాలకు జవాబు వెతకండి: ఎన్ని నెలల ముందు చెప్పాలి, అడ్వాన్సు ఎంత, మరమ్మతుల ఖర్చు ఎవరిది, అమ్మితే ముందుగా అద్దెదారునే అడగాలన్న షరతు ఉందా. కొన్ని ఊళ్లలో పెద్ద మొత్తం ఒకేసారి తీసుకుని నెల అద్దె లేకుండా ఇల్లు ఇస్తుంటారు. మీది అలాంటిదైతే ఆ సొమ్ము తిరిగి ఇచ్చే దారి చూసుకోకుండా బేరం మొదలుపెట్టవద్దు.

ఇదంతా ఇంటి సంగతి. పొలం కౌలుకు ఇచ్చి ఉంటే దాని చట్టం వేరు, రైతు హక్కులు వేరు. ఈ సలహాలను దానికి వర్తింపజేయకండి. వీధి మొహం మీద పాత దుకాణాలు అద్దెకు ఉన్నా వకీలు లేకుండా అడుగు వేయవద్దు.

ఖాళీ చేయించి అమ్మాలా, అలాగే అమ్మాలా?

ఒక చిన్న లెక్క వేసుకుందాం. ఇంటి ధర 60 లక్షలు, నెలకు 12,000 అద్దె అనుకోండి. ఏడాదికి వచ్చేది 1,44,000. అంటే పెట్టిన డబ్బు మీద 2.4 శాతం. ఆ రాబడి కోసమే ఇల్లు కొనేవారు అరుదు. అద్దెదారుతో సహా కొనేవారిలో ఎక్కువమంది బయట ఊళ్లలో ఉంటూ, రిటైరయ్యాక వచ్చి ఉందామనుకునేవారే. వాళ్లకు మీ అద్దెదారు మంచివాడైతే అదొక సదుపాయం, ఇల్లు పాడుపడకుండా ఉంటుంది. మిగతా వాళ్లందరూ తాము చేరడానికి కొనేవారు, వాళ్లకు ఇల్లు ఖాళీగా కావాలి.

నా అభిప్రాయం అడిగితే, ముందే ఖాళీ చేయించవద్దు. ఖాళీ ఇంట్లో నెలల తరబడి దీపం వెలగకపోతే మన గాలిలోని తేమకు తలుపులు ఉబ్బుతాయి, గోడలకు బూజు పడుతుంది, అద్దె కూడా పోతుంది. పైగా ఖాళీగా ఉన్న ఇంటి యజమాని తొందరలో ఉన్నాడని కొనేవారికి తెలిసిపోతుంది. మనుషులు ఉన్న ఇంటినే చూపించి, బయానా చేతికి వచ్చాక ఖాళీ చేసే తేదీ ఖాయం చేసుకోవడం మంచిది. అద్దె సరిగా కట్టని, ఇల్లు చెడగొడుతున్న అద్దెదారు విషయంలో మాత్రం ముందు ఆ సంగతి తేల్చుకోండి. అలాంటి తగవుతో సహా కొనే మనిషి దొరికినా ధర బాగా తెగ్గోస్తాడు.

గేటుకు బోర్డు కట్టేముందు అద్దెదారుకు చెప్పండి

ఈ వ్యాసం మొత్తంలో ఒక్క పనే చేయగలిగితే ఇది చేయండి. మధ్యవర్తికి చెప్పకముందే, కాఫీ హోటల్లో ఎవరికీ తెలియకముందే, మీరే స్వయంగా వెళ్లి అద్దెకున్నవారికి చెప్పండి. డెల్టా ఊళ్లలో ఇల్లు అమ్ముతున్నారన్న కబురు సాయంత్రానికల్లా వీధి చివరకు చేరుతుంది. తాము ఉంటున్న ఇంటి సంగతి పక్కింటివారి నోట వినడం ఎవరికైనా అవమానమే. ఆ రోజు నుంచి వాళ్ల మనసు విరుగుతుంది, చూడడానికి వచ్చినవారికి తలుపు సగమే తెరుచుకుంటుంది.

మీరు దూరంగా ఉంటే ఫోనైనా మీరే చేయండి, తమ్ముడితోనో మేనల్లుడితోనో చెప్పించవద్దు. మాట ఇలా ఉంటే చాలు: "మాస్టారూ, ఇల్లు అమ్ముదామని అనుకుంటున్నామండి. ఎవరికీ చెప్పకముందు మీకే చెబుతున్నాను. పాప పరీక్షలు అయ్యేదాకా మిమ్మల్ని కదపము. మీ అడ్వాన్సు ఒక్క రూపాయి తగ్గకుండా మీ చేతికి వస్తుంది. ఇల్లు చూడడానికి ఎవరు వచ్చినా ముందు రోజు ఫోను చేసే వస్తారు. మీకే కొనే ఆలోచన ఉంటే ముందు మీతోనే మాట్లాడతాను."

ఆ చివరి వాక్యం మర్యాద కోసం అనేసి వదిలేయకండి. ఇంటి మంచిచెడులు పూర్తిగా తెలిసిన కొనుగోలుదారు ఆయనే. అద్దె కట్టే బదులు బ్యాంకు వాయిదా కట్టుకుందామని ఆలోచించే ఉద్యోగులు చాలామంది ఉన్నారు. ఆయన కొంటే మధ్యవర్తి రుసుము మిగులుతుంది, ఖాళీ చేయించే సమస్యే రాదు. అయితే గడువు పెట్టండి. పదిహేను రోజుల్లో చెప్పమని అడగండి, ధర కూడా ఆ రోజే స్పష్టంగా చెప్పండి.

మాట్లాడి వచ్చాక అదే విషయం నాలుగు వాక్యాల్లో రాసి పంపండి. నోటి మాట మంచిదే, కాగితం కూడా ఉండాలి.

ఇంకొకటి. ఇల్లు చూపించే నెలల్లో వాళ్లకు కలిగే ఇబ్బందికి మీరు ఏదైనా ఇవ్వడం న్యాయం. ఒక నెల అద్దె వదిలేయడమో, ఖాళీ చేసేటప్పుడు లారీ ఖర్చు పెట్టుకోవడమో చేయండి. 60 లక్షల బేరంలో 12,000 పెద్ద మొత్తం కాదు. అదే 12,000 ఒక ఉద్యోగి కుటుంబానికి కొత్త ఇంటి అడ్వాన్సులో భాగం.

ఏ నెలలో మొదలుపెట్టాలి?

పిల్లలున్న కుటుంబాన్ని చదువుల మధ్యలో కదిలించవద్దు. ఏప్రిల్ చివర పరీక్షలు అయిపోతాయి, జూన్‌లో బడులు తెరుస్తారు. ఈ మధ్య కాలంలో ఖాళీ చేయమంటే అద్దెదారులు సంతోషంగా ఒప్పుకుంటారు, అద్దె ఇళ్లు కూడా అప్పుడే ఎక్కువగా ఖాళీ అవుతాయి. ఆషాఢంలో, మూఢంలో ఖాళీ చేయమని తేదీ పెట్టకండి. కొత్త ఇంట్లో పాలు పొంగించడానికి ఆ రోజుల్లో ఎవరూ ఇష్టపడరు. మీకు నమ్మకం ఉందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు, వాళ్లకు ఉంటే తేదీ జరిగిపోతుంది.

చూపించడానికి సంక్రాంతి అంత మంచి సమయం లేదు. బయట ఉన్నవాళ్లందరూ ఊళ్లోనే ఉంటారు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒక్కచోట ఉంటారు కాబట్టి నిర్ణయాలు త్వరగా జరుగుతాయి. పుష్యంలో చూసి, మాఘంలో మంచి రోజు చూసుకుని అగ్రిమెంటు రాసుకుంటే, పిల్లల పరీక్షలయ్యాక ఖాళీ, ఆ వెంటనే రిజిస్ట్రేషన్. నాకు ఇంతకంటే సాఫీ అయిన వరస కనిపించలేదు. పండుగ మూడు రోజులు మాత్రం అద్దెదారుల ఇంటికి ఎవరినీ తీసుకురావద్దు. వాళ్ల ఇంట్లోనూ కొత్త అల్లుడు ఉండవచ్చు.

జూన్‌లో ధవళేశ్వరం నుంచి కాలువలకు నీరు వదిలాక పల్లపు వీధుల్లో గోడల అడుగున చెమ్మ కనిపిస్తుంది. ఆ తరువాత వరదలు, అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్లు. వేసవిలో చూపిస్తే ఇల్లు అందంగా కనిపిస్తుందన్నది నిజమే. కానీ చెమ్మ విషయం దాచి అమ్మవద్దు. కారణం కింద చెబుతాను.

ఇల్లు చూపించేటప్పుడు

అది మీ ఆస్తి, వాళ్ల ఇల్లు. ఈ తేడా గుర్తుంటే మిగతావన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి.

వారానికి రెండు రోజులు, రోజుకు రెండు గంటలు ఖాయం చేయండి. ఆదివారం ఉదయం, మధ్యలో ఒక సాయంత్రం చాలు. మగవాళ్లు ఉద్యోగాలకు వెళ్లి, ఇంట్లో ఆడవాళ్లు ఒంటరిగా ఉండే మధ్యాహ్నం వేళ మధ్యవర్తి తలుపు తట్టకూడదు. ఈ షరతు మధ్యవర్తికి మొదటి రోజే చెప్పండి, వినని మధ్యవర్తిని మార్చండి. తాళం చెవి రెండోది మీ దగ్గర ఉన్నా వాళ్లు లేనప్పుడు తలుపు తీయకండి.

వాస్తు చూసే మనిషి వేరుగా వస్తాడు, టేపు పట్టుకుని గదిగదీ తిరుగుతాడు. బ్యాంకు రుణంతో కొనేవారైతే విలువ కట్టే ఇంజినీరు కూడా వస్తాడు. ఈ రెండు రాకపోకల గురించి ముందే చెప్పి ఉంచండి. లేకపోతే మళ్లీ ఎందుకు వచ్చారన్న విసుగు సహజం.

ఫొటోలు తీసేటప్పుడు దేవుడి గది, గోడ మీది కుటుంబ చిత్రాలు, బీరువాలు రాకుండా చూడండి. ఆ ఫొటోలు ఫోన్లలో ఎంత దూరం వెళతాయో మన చేతిలో ఉండదు. ఫొటో బయటకు పంపేముందు అద్దెదారుకు ఒకసారి చూపించండి.

చూడడానికి వచ్చినవారి ముందు అద్దెదారు చేత అబద్ధం చెప్పించే ప్రయత్నం చేయవద్దు. నీళ్ల గురించి అడిగితే ఉన్నది చెప్పమనండి. నిజాయితీగా మాట్లాడిన అద్దెదారు ఉన్న ఇంటిని కొనేవారు ఎక్కువ నమ్ముతారు.

అద్దెదారు చేత ఒక ఉత్తరం రాయించుకోండి

బేరం ఒక కొలిక్కి వస్తుండగా ఈ కాగితం చాలా ఉపయోగపడుతుంది. మన దగ్గర ఇంకా అంతగా అలవాటు కాలేదు కానీ, కొనేవారి భయం సగం దీనితోనే తీరుతుంది. తెల్ల కాగితం మీద ఇలా రాస్తే సరిపోతుంది:

"ఈ ఇంటి మేడ మీది వాటాలో 2019 జూన్ నుంచి అద్దెకు ఉంటున్నాను. నెల అద్దె రూ.12,000. మార్చి నెల వరకు చెల్లించాను. యజమాని వద్ద నా అడ్వాన్సు రూ.36,000 ఉంది. అద్దెదారుగా తప్ప ఈ ఇంటి మీద నాకు మరే హక్కూ లేదు. ఇల్లు కొనడానికి నేను యజమానికి ఏ సొమ్మూ ఇవ్వలేదు. మరమ్మతుల కింద నాకు రావలసినది ఏమీ లేదు. ఇంట్లోని ఏసీ, ఇన్వర్టరు, వంటగదిలోని అరలు నావి. ఖాళీ చేసేటప్పుడు తీసుకువెళతాను."

చివరి వాక్యం చిన్నదిగా కనిపిస్తుంది కానీ, తగవులు ఎక్కువగా పుట్టేది అక్కడే. కొనేవారు చూసిన రోజు గోడకు ఉన్న ఏసీ, చేరిన రోజు లేకపోతే మీ మీదికి వస్తారు. నీళ్ల మోటారు ఎవరిది, డాబా మీద రేకుల షెడ్డు ఎవరు వేశారు, ఫ్యాన్లు ఎవరివి, అన్నీ రాయండి. కోనసీమలో అయితే పెరట్లో కొబ్బరి చెట్ల దింపు ఎవరిదో కూడా రాసుకోవాలి. రిజిస్ట్రేషన్‌కు వారం ముందు దింపిన కాయల మీద మాట పెరిగి సంబంధాలు చెడిన సందర్భాలు ఉంటాయి.

కొనేవారికి దాచకూడనివి

ఇంటిలో గాని హక్కులో గాని ఉన్న, పైకి కనిపించని ముఖ్యమైన లోపాలు అమ్మేవారు చెప్పి తీరాలని ఆస్తి బదిలీ చట్టం అంటుంది. కాబట్టి చెమ్మ, వీధిలో నిలిచే నీరు, పక్కింటివారితో ఉమ్మడి గోడ, రెండు వాటాలకు ఒకే మీటరు ఉండడం, ఒకే సెప్టిక్ ట్యాంకు, ఇవన్నీ మీరే చెప్పండి. ఏటిగట్టు దగ్గరి ఊళ్లలో 1986 వరదకు నీళ్లు ఎంత వరకు వచ్చాయని, కోనసీమలో 1996 తుఫానుకు ఇల్లు తట్టుకుందా అని పెద్దవాళ్లు ఇప్పటికీ అడుగుతారు. 2022 జులై వరద అందరికీ గుర్తే. మీకు తెలిసినది చెప్పండి. మీరు చెప్పకపోతే కింది వాటా ఆవిడ చెబుతుంది.

అద్దె గురించి కూడా ఉన్నదే చెప్పాలి. ఎక్కువ అద్దె వస్తోందని చెప్పి ధర పెంచడం మోసం. బ్యాంకు ఖాతాలో జమ అయిన అద్దెల వివరాలు చూపిస్తే మీ మాటకు బలం.

బయానా, అగ్రిమెంటు

ఇక్కడ తొందరపడితే ఇంతవరకు పడిన శ్రమ వృథా అవుతుంది. మన అగ్రిమెంట్లలో మామూలుగా ఒక షరతు ఉంటుంది: అమ్మేవారు మాట తప్పితే బయానాకు రెట్టింపు ఇవ్వాలి. అద్దెదారు సంతకం పెట్టని తేదీకి ఇల్లు ఖాళీ చేసి ఇస్తానని మీరు సంతకం పెడితే, ఆయన ఒక నెల ఆలస్యం చేసినా మాట తప్పినవారు మీరే అవుతారు.

అందుకని వరస ఇలా పెట్టుకోండి. కొనేవారితో ధర కుదిరాక, అగ్రిమెంటు రాయకముందే అద్దెదారుతో కూర్చుని ఖాళీ చేసే తేదీ అనుకోండి. ఆ తేదీ ఆయన చేత రాయించుకోండి. అగ్రిమెంటులో దానికి నెల తరువాతి తేదీ వేయండి. అనుకోని కారణంతో అద్దెదారు ఆలస్యం చేస్తే గడువు ఎన్ని రోజులు పొడిగించాలో, అప్పటికీ కాకపోతే బయానా రెట్టింపు లేకుండా తిరిగి ఇచ్చి అగ్రిమెంటు రద్దు చేసుకోవచ్చని కూడా రాయించండి. దస్తావేజు లేఖరి దగ్గర అచ్చు నమూనా ఉంటుంది, దాని మీద అలాగే సంతకం పెట్టకండి. మీ ఇంట్లో మనుషులు ఉన్నారు, ఆ నమూనా ఖాళీ ఇంటికి రాసినది.

అద్దెదారుతో సహా అమ్ముతుంటే అగ్రిమెంటులోనూ, దస్తావేజులోనూ ఆ సంగతి స్పష్టంగా ఉండాలి: ఎవరు, ఏ వాటాలో, ఎంత అద్దెకు, ఎంత అడ్వాన్సుతో ఉన్నారో. ఖాళీ స్వాధీనం ఇచ్చామని రాసి, లోపల మనుషులు ఉంటే అది తప్పుడు రాత.

బయానా చెక్కుగానో బ్యాంకు ద్వారానో తీసుకోండి. ఇళ్లు, స్థలాల అమ్మకంలో రూ.20,000 గాని అంతకు మించి గాని నగదుగా తీసుకోవడం నిషిద్ధం. తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు.

అద్దెదారు కదలనంటే

ముందు ఎందుకో అడగండి. చాలాసార్లు కారణం చిన్నదే. దగ్గరలో అదే అద్దెకు ఇల్లు దొరకలేదు, ఇంట్లో ముసలి తల్లి మంచం మీద ఉంది, కోడలు పురిటికి వచ్చింది. మీ ఊరు మీకు తెలుసు, మీరే రెండు మూడు ఇళ్లు చూపించండి. అడ్వాన్సులో సగం ముందుగా ఇవ్వండి, కొత్త ఇంటికి కట్టుకుంటారు. పెద్దమనుషుల సమక్షంలో ఒక మాట అనుకుని కాగితం రాసుకోవడం మన ప్రాంతంలో ఇప్పటికీ పనిచేస్తుంది.

కరెంటు తీయించడం, నీళ్లు ఆపడం, సామాన్లు వీధిలో పెట్టించడం మాత్రం చేయవద్దు. అది అన్యాయం, చట్టవిరుద్ధం కూడా. బలవంతంగా వెళ్లగొట్టబడిన వ్యక్తి 6 నెలల లోపు దావా వేసి తిరిగి స్వాధీనం పొందవచ్చు. కోర్టు ఉత్తర్వు ఉన్న ఇంటిని కొనడానికి ఎవరూ రారు. మాటతో పని జరగనప్పుడు వకీలు ద్వారా నోటీసు, ఆ తరువాత చట్టం చూపిన దారి, అంతే. ఆలస్యం అవుతుందని కొనేవారికి అప్పుడే చెప్పేయండి.

రిజిస్ట్రేషన్, ఆ రోజు లెక్కలు

ఖాళీ చేయించి అమ్మేటప్పుడు, రిజిస్ట్రేషన్‌కు వారం పది రోజుల ముందు ఇల్లు ఖాళీ అయ్యేలా చూడండి. అద్దెదారు, మీరు కలిసి గదిగదీ చూసి, కరెంటు చివరి రీడింగు రాసుకుని, అడ్వాన్సు ఆ రోజే తిరిగి ఇవ్వండి. రిజిస్ట్రేషన్ డబ్బు వచ్చాక ఇస్తాననడం మర్యాద కాదు. ఆయనకు ఆ డబ్బు కొత్త ఇంటికి కావాలి.

అద్దెదారుతో సహా అమ్మితే అడ్వాన్సుకు రెండు దారులు. మీరు తిరిగి ఇచ్చేస్తే, కొత్త యజమాని మళ్లీ తీసుకుంటాడు. లేదా ఆ మొత్తాన్ని ధరలో తగ్గించి కొన్నవారికి అప్పగిస్తారు, ఆ సంగతి దస్తావేజులో రాసి అద్దెదారుకు ఒక నకలు ఇస్తారు. నోటిమాటగా వదిలేస్తే, మూడేళ్ల తరువాత ఆ కుటుంబం ఇద్దరి ఇళ్ల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

నెల మధ్యలో రిజిస్ట్రేషన్ అయితే అద్దెను రోజుల లెక్కన పంచుకోండి. అద్దె 12,000, నెలకు 30 రోజులు, రోజుకు 400. ఆ నెల అద్దె మీకు ముందే అంది, 18న రిజిస్ట్రేషన్ అయితే 18 నుంచి 30 వరకు 13 రోజులకు 5,200 కొన్నవారికి ఇవ్వాలి. పాత బకాయిలు అగ్రిమెంటులో వేరుగా రాసుకుంటే తప్ప మీవే.

స్టాంపు సుంకం 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ రుసుము 1, మొత్తం 7.5 శాతం. 60 లక్షలకు నాలుగున్నర లక్షలు. మామూలుగా కొనేవారు భరిస్తారు.

ఆ రోజే అద్దెదారుకు మీ ఇద్దరి సంతకాలతో ఒక ఉత్తరం ఇవ్వండి: "ఈ ఇంటిని ఫలానా తేదీన ఫలానా వారికి అమ్మాము. మీ అడ్వాన్సు రూ.36,000 వారికి అప్పగించాము. వచ్చే నెల నుంచి అద్దె వారికి చెల్లించండి. వారి బ్యాంకు ఖాతా వివరాలు ఈ ఉత్తరంతో జతచేశాము." ఇది లేకుండా అద్దెదారు మీకే అద్దె కడితే అది చెల్లిన అద్దే అవుతుంది, కొన్నవారు ఆయనను మళ్లీ అడగలేరు. మీరు తెచ్చి ఇవ్వాల్సి ఉంటుంది.

పన్ను

ధర గాని ప్రభుత్వ విలువ గాని 50 లక్షలు, అంతకు మించితే కొనేవారు మీకు ఇచ్చే సొమ్ములోంచి 1 శాతం టీడీఎస్ (ముందే కోసే పన్ను) కోసి ప్రభుత్వానికి కట్టాలి. 60 లక్షలకు 60,000. అన్నదమ్ముల వాటాలు విడివిడిగా చూపినా మొత్తం ధరనే చూస్తారు. అమ్మేవారిలో ప్రవాస భారతీయులు ఉంటే వారి వాటాకు ఈ 50 లక్షల పరిమితి లేదు, కోత కూడా చాలా ఎక్కువ. తక్కువ కోతకు ధ్రువపత్రం కోసం ముందే దరఖాస్తు చేయాలి, అది వచ్చేదాకా రిజిస్ట్రేషన్ తేదీ ఖాయం చేయవద్దు.

24 నెలలకు మించి ఉన్న ఇంటి మీద లాభానికి పన్ను 12.5 శాతం. 2024 జులై 23కు ముందు సమకూరిన ఇల్లయితే, దేశంలో నివసిస్తున్నవారు ద్రవ్యోల్బణ సర్దుబాటుతో 20 శాతం లెక్కను కూడా వేసి చూసుకుని, ఏది తక్కువైతే అది కట్టవచ్చు. తల్లిదండ్రుల నుంచి వచ్చిన ఇంటికి వాళ్ల దగ్గర ఉన్న కాలమూ కలుస్తుంది. లాభంతో రెండేళ్లలో మరో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టినా మినహాయింపు ఉంటుంది. ఆడిటరును అమ్మకానికి ముందు కలవండి, తరువాత కలిస్తే ఆయన చేయగలిగింది తక్కువ.

అమ్మిన తరువాత

కరెంటు మీటరు, ఇంటి పన్ను కొన్నవారి పేరుకు మారాయో లేదో రెండు నెలల తరువాత కనుక్కోండి. మీ పేరున ఉన్నంతకాలం నోటీసులు మీ పేరునే వస్తాయి. కొన్నవారి చేత దరఖాస్తు పెట్టించి, రసీదు నకలు ఒకటి తీసుకోండి. దస్తావేజు నకలు, అద్దెదారుకు ఇచ్చిన ఉత్తరం, అడ్వాన్సు తిరిగి ఇచ్చిన రసీదు, టీడీఎస్ ధ్రువపత్రం ఒకే కవరులో పెట్టి, మీ సంతానంలో ఊళ్లో ఉండేవారికో, ఆడిటరుకో ఒక ప్రతి ఇవ్వండి. అద్దెదారు కొత్త ఇంటికి మారితే, గ్యాస్ కనెక్షన్, ఆధార్ చిరునామా మార్చుకునేదాకా ఆయనకు వచ్చే ఉత్తరాలు కొంతకాలం పాత ఇంటికి వస్తుంటాయి. వాటిని తీసి ఉంచమని కొన్నవారికి ఒక మాట చెప్పి, ఆయన ఫోను నంబరు వారికి ఇవ్వండి.